పెనం మిట్ట మీద కూత

కొత్త సంవత్సరం పొద్దున ఆ లోయలో వేట తెలిసినవాళ్లంతా పాత రైతుల హాలులో చేరతారు. పొయ్యి రాజేసి, పాన్‌కేకులూ ఎల్క్ అనే పెద్ద కొమ్ముల అడవి దుప్పి మాంసం సాసేజీలూ తిని, కడుపు నిండాక ఒక్కొక్కరే లేచి నిలబడతారు. ఆ ఏడాదికి తీసుకునేది ఒకటి చెప్పాలి, ఇచ్చేది ఒకటి చెప్పాలి. తీసుకునేది అడవి నుంచి. పెద్ద కొమ్ముల పోతో, ఇంటి తిండికి ఒక ఆడ ఎల్కో. ఇచ్చేది అడవికి. పాత కంచెలు పీకడం, ఊటలు బాగుచేయడం, కాలిపోయిన చోట మొక్కలు నాటడం. రాతకోతలేమీ ఉండవు. చెప్పిన నోరు, విన్న చెవులు, అంతే. ఏడాదిలో ఎప్పుడైనా వచ్చి "నా ఇచ్చేది అయిపోయింది" అంటే, హాలులో ఉన్నవాళ్లంతా ఒక్క గొంతుతో "అందింది" అనాలి. ఆ మాట అన్నాక ఇక ఎవరూ ఆ సంగతి ఎత్తరు, వెళ్లి చూడరు. వెళ్లి చూశారంటే చెప్పినవాణ్ని అబద్ధాలకోరు అన్నట్టే.

లవోన్ ఈసారి వెళ్లకూడదనే అనుకుంది. ఆమె మొగుడు థేన్ సెప్టెంబరులో, పోతులు ఆడవాటి కోసం కూతపెట్టే రోజుల్లో, విల్లు భుజాన వేసుకుని కొండెక్కినవాడు మళ్లీ దిగలేదు. ట్రక్కు మాత్రం టర్నర్ కొండ కింద ఎప్పుడూ ఆపే చోటే ఉంది. తాళంచెవి ఎప్పటిలాగే టైరు మీద ఉంది. నాలుగు రోజులకని చెప్పి వెళ్లాడు గనక అప్పటిదాకా ఎవరూ కంగారుపడలేదు. ఈలోగా తొలిమంచు పడి అడుగుజాడల్నీ వాసనల్నీ కప్పేసింది. షెరీఫ్ పోలీసులు, కుక్కలు, ఊరి జనం కలిసి టర్నర్ కొండను జల్లెడ పట్టారు. చొక్కా బొత్తాం కూడా దొరకలేదు.

మనిషి దొరక్కపోయేసరికి నోళ్లు లేచాయి. థేన్‌ని ఎవరో స్పోకేన్ పట్నంలో చూశారట, పక్కన ఒకావిడ కూడా ఉందట. చూసిందెవరని అడిగితే ఇంకొకరి పేరు చెబుతారు, ఆ ఇంకొకరిని అడిగితే మరొకరి పేరు. లవోన్‌ని ఎలా పలకరించాలో ఎవరికీ తెలియలేదు. విధవ అనడానికి లేదు, మొగుడు వదిలేసిన మనిషి అనడానికీ లేదు. ఆమె పరిస్థితీ అలాగే ఉంది. ఏడుద్దామని కూర్చుంటే కోపం వచ్చేది, తిట్టుకుందామంటే ఏడుపు తన్నుకొచ్చేది. పోయాడా, వదిలేసి పోయాడా, ఆ ఒక్క సంగతి తేలితే చాలు. పోయాడనే తేలితే బాగుండునని ఒక్కోసారి అనిపించేది, అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం పుట్టేది.

థేన్ అక్క ఆర్డిస్ పొద్దున్నే వచ్చి వాకిట్లో ట్రక్కు ఆపి హారన్ మోగించింది. పెనం మిట్ట కింద ఆవుల్ని మేపుకునే మనిషి, జుట్టు నెరిసినా చెయ్యి మెత్తబడలేదు. ఆ హాలు నడిచేదే ఆమె కేకల మీద.

"ఇంకా గౌనులోనే ఉన్నావా? పద పద. గోడలకేసి చూస్తూ కూచుంటే వాడొస్తాడా?"

"జనం మొహాలు చూళ్లేను వదినా."

"మొహాలెందుకు చూడ్డం? పాన్‌కేకులు చూడు. అవి ఏమీ అడగవు."

హాలులో థేన్ కుర్చీని గోడ వారగా జరిపి దాని మీద కోట్లు పడేశారు. లవోన్ ఆ కోట్లన్నీ తీసి పక్కన పెట్టింది.  కాసేపటికి మైలో లేచాడు. థేన్‌కి చిన్నప్పటి స్నేహితుడు, తాటిచెట్టంత మనిషి, నోరు మూతపడితే జ్వరమొచ్చిందేమోనని అందరూ అనుకునే రకం.

"నా తీసుకునేది, ఈసారి పోతు. ఖాయం."

"పోయినేడూ ఇదే అన్నావురా! చివరికి నీకు దొరికింది జలుబు!" అన్నారెవరో వెనక నుంచి.

"ఆ జలుబు మామూలు జలుబా? కొమ్ములున్న జలుబు! గోడకి తగిలించుకోవాల్సింది!"

నవ్వులయ్యాక అతను ఊట దగ్గర తొట్టి బాగుచేస్తానన్నాడు. తరువాత ఒకరిద్దరు లేచారు, కూర్చున్నారు. ఆర్డిస్ లేచినప్పుడు మాత్రం చేతిలో కాఫీ కప్పు కింద పెట్టి నిలబడింది.

"నా సంగతి తరవాత చెబుతా. ముందు నాకొకటి అర్థం కావట్లేదు, ఎవరైనా చెప్పండి. ఏటా క్రిస్మస్ నాటికి ఎల్క్ మంద పెనం మిట్ట మీంచి దిగి నా గడ్డిమోపులన్నీ పీక్కుతిని నన్ను ఏడిపిస్తుంది కదా? ఈ ఏడు ఒక్కటంటే ఒక్కటి రాలేదు. అలాగని వేరే దిక్కుకీ పోలేదు. మిట్ట పైనే ఉన్నాయి. పొగమంచు విడినప్పుడల్లా కనపడుతున్నాయి. వరసగా నిలబడి కిందికే చూస్తూ ఉంటాయి. పైన మేత లేదు, డొక్కలు వీపుకంటుకుపోయాయి. అయినా దిగవు. దార్లో ఏదో అడ్డం ఉన్నట్టు."

"అడ్డమేముంది? కంచె పోయాక ఇంకా సుఖంగా దిగాలే!" అన్నాడు మైలో.

ఆ కంచె సంగతి అక్కడ అందరికీ తెలుసు. ఎప్పుడో గొర్రెలవాళ్లు మిట్ట పొడవునా వేసి వదిలేసిన ముళ్లకంచె అది, సరిగ్గా ఎల్క్ దారికి అడ్డంగా. పెద్దవి దూకేవి. దూడలు దూకబోతే వెనక కాలు పై రెండు తీగల మధ్య మెలిపడి తలకిందులుగా వేలాడుతూ చచ్చేవి. రెండు గుంజలు ఒరిగిన చోట ఒక సందు ఉండేది. మందలో తెలివైనవన్నీ ఆ సందులోంచే దూరేవి. కిందటి కొత్త సంవత్సరం రోజున థేన్ ఇక్కడే లేచి, తీసుకునేది ఆరుకొమ్మల పోతు అనీ, ఇచ్చేది పెనం మిట్ట కంచె అనీ చెప్పాడు. జూలైలో తీగ చుట్టలు ట్రక్కు నిండా తెచ్చి హాలు ముందు దించాడు. అయిపోయిందన్నాడు. అందింది అన్నారు అందరూ. ఆ రోజు లవోన్ ఊళ్లో లేదు, చెల్లెలి పురిటికి వెళ్లింది.

ఆమె కూర్చున్న చోటి నుంచే అడిగింది. "మైలో, ఆ చుట్టలు ఎలా ఉన్నాయి?"

"ఎలా ఉంటాయమ్మా, తుప్పు పట్టి ఉన్నాయి."

"తుప్పు కాకుండా ఇంకేమైనా ఉందా వాటి మీద?"

మైలో గడ్డం గోక్కున్నాడు. "తెల్లగా మరకలున్నాయి. పక్షులు రెట్టలేశాయనుకున్నా."

లవోన్‌కి గుర్తొచ్చింది. కిందటి వసంతంలో కొట్టం తలుపుకి తెల్లరంగు వేస్తూ డబ్బా తన్నేసింది తనే. అదంతా కొట్టం వెనక పడున్న పాత తీగ చుట్టల మీద ఒలికింది. చెల్లెలి దగ్గర నుంచి తిరిగొచ్చి చుట్టలేవని అడిగితే పాత ఇనుము వాడు పట్టుకెళ్లాడని చెప్పాడు థేన్. చెబుతూ కాఫీలో పంచదార కలుపుకుంటున్నాడు కూడా, మొహంలో ఏ మార్పూ లేదు.

"అది మా కొట్టం వెనక తీగ. పెనం మిట్ట మీద కంచె ఎవరూ తియ్యలేదు."

 అక్కడున్నవాళ్లంతా వేటగాళ్లే, ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. కంచె ఉంటేనే సందు ఉంటుంది. సందు ఉంటేనే పోతు ఎక్కడ అడుగు పెడుతుందో ముందే తెలుస్తుంది. కంచె పీకేస్తే ఎల్క్ ఎక్కడపడితే అక్కడ దాటుతాయి, చెట్టు చాటున విల్లు పట్టుకుని కూర్చున్నవాడు వెర్రిమొహం వేసుకుని కూర్చోవాల్సిందే. ఇంకొక్క సెప్టెంబరు ఉండనిచ్చి, ఆ పోతును పడగొట్టాక తీసేద్దాం అనుకుని ఉంటాడు. వేటగాడు పెళ్లాం దగ్గర జబ్బు దాచడు, అప్పు దాచడు. పోతు దొరికే చోటు మాత్రం చచ్చినా చెప్పడు. ఏళ్ల తరబడి థేన్ టర్నర్ కొండకే వెళుతున్నానని లవోన్‌కి చెప్పాడు. ఆమె అదే షెరీఫ్‌కి చెప్పింది.

"మరి ట్రక్కు?" అంది ఆర్డిస్.  "ట్రక్కు టర్నర్ కింద ఉంది కదా?"

మైలో నేలకేసి చూస్తూ అన్నాడు. "ఒక కొండ కింద ట్రక్కు పెట్టి రోడ్డు దాటి ఇంకో కొండెక్కడం... మనమందరం చేసేదే ఆర్డిస్. నేనూ చేస్తా. ఎవడూ వెనక పడకుండా."

చుట్టూ ఉన్నవాళ్లు ఎవరి బూట్లు వాళ్లు చూసుకుంటున్నారు. లవోన్‌కి ఆ క్షణంలో వాళ్లందరి మీదా ఒళ్లు మండిపోయింది. అంతమంది కలిసి తప్పు కొండను వెతికారు. పెనం మిట్ట మీదికి ఒక్కరు కూడా వెళ్లి చూడలేదు, అందింది అన్న చోటికి వెళ్లి చూడరు గనక.

ఆమె లేచింది. "నా తీసుకునేదీ ఇచ్చేదీ పెనం మిట్ట మీదే ఉన్నాయి. నేను పోతున్నా."

ఆర్డిస్, మైలో ఆమె వెంట బయలుదేరారు. మిగతావాళ్లు తామూ వస్తామంటే ఆర్డిస్ కసిరింది, జాతర కాదని. ఆర్డిస్ గడ్డిబీళ్ల దాకా ట్రక్కులో వెళ్లి అక్కడి నుంచి వెడల్పాటి మంచుచెప్పులు కట్టుకుని ఎక్కడం మొదలుపెట్టారు. మైలో సంచిలో కటింగ్ ప్లేయర్లు మూడూ, తాడూ పడేసుకున్నాడు. మధ్యాహ్నమే అయినా వెలుగు మసక పాలలా ఉంది. పొగమంచు ముందున్న చెట్టును చూపించి దాని వెనక చెట్టును దాచేస్తోంది. కొమ్మలన్నిటికీ మంచు నూగు పట్టి ఉంది. మైలో మొదట్లో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు, ఆర్డిస్ ఆవుల గురించి, తన మోకాలి గురించి. మిట్ట సగం ఎక్కేసరికి అతనూ ఊరుకున్నాడు.

అప్పుడు వినపడింది కూత.

కింది నుంచి బొంగురుగా మొదలై, పైకి పైకి ఈలలా సాగి, చివర్లో ఎక్కిళ్లు వచ్చినట్టు తెగింది. తరువాత మూడు హుంకారాలు. ముగ్గురూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. జనవరిలో పోతులు కూత పెట్టవు. ఆ లోయలో పుట్టిన పసిపిల్లకి కూడా తెలుసు ఆ సంగతి.

"ఎవడో వెధవ పండక్కి కొత్త కూత గొట్టం కొనిపించుకుని ఊదుతున్నాడు," అన్నాడు మైలో, మరీ గట్టిగా.

"ఎక్కడ ఊదుతున్నాడు? ఇక్కడ మనవి తప్ప అడుగులేవి?" అంది ఆర్డిస్. తరువాత తనే, "గాలేమో," అంది.

"గాలి లేదు," అన్నాడు మైలో. నిజంగానే లేదు. కొమ్మల మీది నూగు ఒక్క పలుకు కూడా రాలడం లేదు.

 లవోన్‌కి ఆ కూత తెలుసు. పాత వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని కోసి, మూతికి చెక్క బిగించి పోతుల్ని రప్పించడానికి థేన్ స్వయంగా చేసుకున్న కూత గొట్టంలోంచి వచ్చేదే అది. అతని ముందు పన్ను సగం విరిగి ఉండేది. ఎంత ఊపిరి పట్టినా చివరికొచ్చేసరికి ఆ సందులోంచి గాలి జారిపోయి కూత తెగిపోయేది. ప్రతి ఆగస్టులోనూ సాయంత్రాలు కొట్టం వెనక నిలబడి సాధన చేసేవాడు. నీ కూతకి పోతు రాదు, పశువుల డాక్టరు వస్తాడు, అని ఆమె వంటింట్లోంచి అరిచేది. ఇప్పుడు ఆమె కూత వచ్చిన వైపుకి రెండడుగులు వేసింది. భయంతోనో, బతికున్నాడేమోనన్న పిచ్చి ఆశతోనో ఆమెకే తెలియలేదు.

"థేన్!" అని అరిచింది. పొగమంచు ఆ పిలుపును మింగేసింది.  "అతనే వదినా."

"తెలుసు," అంది ఆర్డిస్. "నడు."

మిట్ట మీదికి చేరేసరికి ముందు కంచె కనిపించింది. గుంజలన్నీ నిలబడే ఉన్నాయి, సందు దగ్గర తప్ప తీగలన్నీ బిగిసే ఉన్నాయి. వాటి అవతల, పై వాలు మీద, ఎల్క్ మంద నిలబడి ఉంది. ఆడవి, దూడలు, కుర్ర పోతులు, పక్కపక్కనే, వాటి ఊపిరి ఆవిరి అయి పైకి లేస్తోంది. మనుషుల్ని చూస్తే కొండ దద్దరిల్లేలా పరిగెత్తాల్సిన జంతువులు. ఒక్కటీ కదల్లేదు. మనుషుల్ని చూడనూ లేదు. అన్నిటి కళ్లూ కంచెలో సందు ఉన్న వైపే ఉన్నాయి. కంచె పొడవునా వాటి గిట్టలకి మంచు అంతా నలిగి బురదయింది. అటూ ఇటూ తిరిగి తిరిగి వెనక్కి పోయిన జాడలే. సందు ముందు మాత్రం మంచు తెల్లగా, నున్నగా, వేసిన దుప్పటిలా ఉంది.

ఆ దుప్పటిలోంచి కొమ్ములు పొడుచుకొచ్చి ఉన్నాయి.

మైలో మోకాళ్ల మీద కూలబడి చేతులతో మంచు తోడాడు. ఆర్డిస్ అవతల నుంచి తోడింది. పోతు పుర్రె బయటపడింది, ఒక్కో వైపు ఆరేసి కొమ్మల కొమ్ములు, వాటికి చుట్టుకుని చుట్టుకుని బిగిసిన ముళ్లతీగ. ఎముకల గూటిలో బాణం ఇంకా ఉంది. తీగ ఒక కొస కొమ్ములకీ, ఇంకో కొస ఒక బూటుకీ చుట్టుకుని ఉంది. బూటు పైన చిరిగిన కోటు ఉంది. కోటులో మిగిలింది కొంచెమే. అతను పోయిన సెప్టెంబరు, ఎలుగులూ నక్కలూ తిండికి తిరిగే కాలం. మైలో టోపీ తీసేశాడు.

"బాణం తగిలాక పోతు సందులోకి ఉరికి తీగలో ఇరుక్కుంది," అన్నాడు మెల్లగా, చదువుతున్నట్టు. "వీడు దాన్ని ముగిద్దామని దగ్గరికొచ్చాడు. అది తల విదిలించింది. తెగిన తీగ కొరడాలా వచ్చి బూటుకి చుట్టుకుని పడేసింది. విడిపించుకోలేకపోయాడు." 

లవోన్ చేతితొడుగు తీసి కోటు చేతిని పట్టుకుంది. లోపల ఉంగరం ఉంది. బంగారంలో పొదిగిన ఎల్క్ పన్ను, కాఫీ రంగు తేలింది. పెళ్లికి ముందు తను పడగొట్టిన మొదటి ఎల్క్ పన్నుతోనే ఆ ఉంగరం అతనికి చేయించింది. ఇంకొకరి వేలికి ఉండే అవకాశమే లేదు. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని మంచులో చతికిలబడింది. మొదట నవ్వొచ్చింది, ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో తెలియలేదు.

"దొంగా," అంది అతనితో. "నాక్కూడా చెప్పవా? నా వంటింటి కిటికీలోంచి ఈ మిట్ట కనపడుతుంది కదయ్యా. రోజూ గిన్నెలు తోముతూ నీకేసే చూశాను కదయ్యా. ఎంతమంది ఎన్ని మాటలన్నారో నీకు తెలుసా? స్పోకేన్ అట! ఆవిడెవరో అట!"

ఆర్డిస్ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఆ మనిషి ఏడవడం లవోన్ ఎన్నడూ చూడలేదు, ఇప్పుడూ చూడనివ్వలేదు, మొహం అటు తిప్పుకుంది.  లవోన్‌కి దుఃఖం ఇంకా ముందుంది, చాలా ఉంది. కానీ థేన్ తనని వదిలేసి పోలేదు. ఆ సంగతి ఇక ఎవరూ మార్చలేరు.

"ఇదిగో చెల్లెమ్మా," అన్నాడు మైలో. 

కోటు కింద నుంచి కూత గొట్టం తీశాడు. తోలు పట్టీ ఇంకా మెడ చోటే ఉంది. గొట్టాన్ని ఆమె చేతిలో పెట్టాడు, పెట్టి చేతులు ఒంటికి రుద్దుకున్నాడు. బరువుగా ఉంది. ఆ చివర నుంచి ఈ చివర దాకా మంచుగడ్డ కట్టి బిగుసుకుపోయి ఉంది. మూతి దగ్గర ఆ గడ్డలో ఆస్పెన్ చెట్టు ఆకులు ఇరుక్కుని ఉన్నాయి, పసుపుపచ్చగా, గాజులో పెట్టినట్టు. ఆ ఆకులు రాలేది తొలిమంచు రోజుల్లో. అప్పటి నుంచీ ఆ గొట్టంలోంచి ఊపిరి కాదు కదా, దోమ కూడా దూరే వీలు లేదు.

ముగ్గురూ ఆ ఆకుల్ని చూశారు. గాలేమో అని ఈసారి ఎవరూ అనలేదు.

"దిగుదాం," అంది ఆర్డిస్ చివరికి. "షెరీఫ్‌ని తీసుకొద్దాం. ఇక్కడేమీ కదిలించకూడదు."

"ముందు కంచె," అంది లవోన్.

"అమ్మాయ్, ఇప్పుడా?"

"ఇప్పుడే. అయిపోయిందని చెప్పాడు. మీరంతా అందిందన్నారు. ఆ అబద్ధం మీదే ఇన్నాళ్లూ పడున్నాడు వదినా. దాన్ని నిజం చెయ్యకుండా నేను దిగను."

షెరీఫ్ తిడతాడని మైలో అనబోయి, మానేసి, సంచి విప్పాడు. థేన్ చుట్టూ ఉన్న తీగ జోలికి పోకుండా అటు ఆర్డిస్, ఇటు మైలో, మధ్యలో లవోన్ కత్తిరించడం మొదలుపెట్టారు. బిగిసిన తీగ తెగినప్పుడల్లా కంచె పొడవునా ఝుమ్మని మోత పాకిపోయేది, ఎక్కడో దూరాన గుంజల్లో ఆగిపోయేది. ఆ మోతకి ఎల్క్ చెవులన్నీ ఒక్కసారి నిక్కేవి, మళ్లీ వాలేవి. తెగిన తీగను చుట్టలుగా చుట్టి గుంజల పక్కన పెట్టారు. లవోన్ అరచేతులు కోసుకుపోయి తొడుగులు తడిసిపోయాయి. ఆగమంటే ఆగలేదు. మిట్ట మొత్తం ఒక పూటలో అయ్యే పని కాదు, మిగిలింది వసంతంలో ఊరంతా కలిసి పీకాల్సిందే. కానీ వెలుగు తగ్గేవేళకి మంద దారంతా తెరుచుకుంది.

ముందుగా ఒక ముసలి ఆడ ఎల్క్ కదిలింది. ఒకప్పటి కంచె గీత దగ్గరికి వచ్చి, ఆగి, కాలు ఎత్తి, ఏమీ తగలకపోయేసరికి దించింది. దాటింది. దాని వెనక దూడ దాటింది. తరువాత మందంతా కదిలింది. ముగ్గురు మనుషుల్నీ బండరాళ్లనుకున్నట్టు చుట్టి, వాళ్ల భుజాలకి తమ ఒంటి వేడి తగిలేంత దగ్గరగా నడిచిపోయాయి. కోటు పడున్న చోట మాత్రం ప్రతి ఒక్కటీ పక్కకి తప్పుకుంది. ఒక్క గిట్టా దాని మీద పడలేదు. చివరి దూడ వెనక కాళ్లు పొగమంచులో కలిసిపోయాయి. పై వాలంతా ఖాళీ అయింది. అక్కడ చెట్టూ లేదు, చాటూ లేదు, ఉత్త మంచు.

లవోన్ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడి, హాలులో నిలబడ్డట్టే, గొంతు సరిచేసుకుని చెప్పింది.

"థేన్ ఇచ్చేది అయిపోయింది."

ఆర్డిస్, మైలో జవాబివ్వడానికి నోరు తెరిచారు. అంతకుముందే ఖాళీ వాలు మీద నుంచి కూత వచ్చింది. బొంగురుగా మొదలై, పైకి సాగి, ఎక్కిళ్లతో తెగింది. మూడు హుంకారాలు, ఈసారి మరీ దగ్గరగా. లవోన్ చేతుల్లో గొట్టం గడ్డకట్టిన బరువుతో అలాగే ఉంది. మైలో రెండడుగులు వెనక్కి వేసి తీగ చుట్ట మీద పడబోయాడు. ఆర్డిస్ అతని కోటు పట్టుకుని ఆపింది, ఆపిన చెయ్యి వదల్లేదు.

లవోన్ వాలుకేసి చూసింది. భయం ఉంది, ఒళ్లంతా ఉంది. అయినా ఇన్నాళ్లూ లేని నెమ్మది కూడా ఉంది.

"అందింది," అంది ఆమె, ఒక్కతే.

గొట్టాన్ని కోటులోపల పెట్టుకుని బొత్తాలు వేసుకుంది. ముగ్గురూ ఎల్క్ నడిచిన జాడలోనే కిందికి దిగారు. వెనక నుంచి ఇక ఏమీ వినపడలేదు.